ఈ వారం సమస్య: ఇసుకరేణువందు నెలుగు తిరిగె

ఆటవెలది. మా పర్లాకిమిడి వైపు ఎలుగంటే పనసపళ్ళ కాలంలో తోటల్లోకి దిగేదే, అది ఇసుకరేణువులో ఎలా తిరుగుతుందని బుర్ర గోక్కోకండి, నీటి ఎలుగు అని ఒకటుంది, ఎనిమిది కాళ్ళు, మైక్రోస్కోప్ లేనిదే కనబడదు.

బరంపురం నుంచి (గోపాల్‌పూర్ తీరం తలుచుకుని):

కడలి చెంత నిసుక గరిటెడు దీసితి
మంచినీట ముంచి మరల వంచి
అద్దమందు జూడ నష్టపాదంబుల
నిసుకరేణువందు నెలుగు తిరిగె

పర్లాకిమిడి: మాస్టారూ, రెండో పాదానికి దండం. ఉప్పునీటి జీవికి మంచినీళ్ళు తగిలితే ఆ షాక్‌కి రేణువు మీద పట్టు వదిలేస్తుంది, అప్పుడు పైనీళ్ళు సన్నజల్లెడలోకి వంచుకుంటారు, నిజంగా చేసే పనే అది. 'అద్దమందు' మాత్రం ముఖం చూసుకునే అద్దంలా ఉంది. ఇంకోటి, అది ఉండేది రేణువు లోపల కాదు, రేణువుల సందుల్లో. 'అందు'కి 'మీద' అని చెప్పుకుంటే సరి, నీటి ఎలుగుల్లో బటిల్లిపెస్ అనే రకానికి కాలివేళ్ళ చివర బిళ్ళలుంటాయి, వాటితో రేణువుని కరుచుకుని ఉంటుంది.

రాయగడ నుంచి:

ఎండి గవ్వవోలె నేండ్లకున్ జావక
నీరు దగల మరల నిద్ర లేచి
చంద్రయాన నామ సౌభాగ్యమును బొంది
యిసుకరేణువందు నెలుగు తిరిగె

బరంపురం: చ-సౌ యతి బాగా కుదిరింది తమ్ముడూ. కానీ మొదటి రెండు పాదాలూ వేరే ఎలుగువి! ఎండిపోయి ఏళ్ళ తరబడి బతికే విద్య నాచులో ఉండేవాటిది, సముద్రపు జాతుల్లో చాలావాటికి అది రాదు. నువ్వు చెప్పే, చంద్రయాన్ పేరు పెట్టిన బటిల్లిపెస్ చంద్రయాని తమిళనాడు మండపం తీరపు ఇసుకలో దొరికింది, 2023లో కొచ్చిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు వెల్లడించారు, పొడవు 0.15 మిల్లీమీటర్లు. తల ఆకారం, కాళ్ళ మీది ముళ్ళు, వేళ్ళు ఇవన్నీ చూసి తెలిసిన జాతులతో పోల్చాకే కొత్తదని తేలుస్తారు. ఆ కష్టం పద్యంలో ఏదీ?

రాయగడ: ఒప్పుకున్నా. సౌభాగ్యం పాదం మాత్రం వదల్ను.

తలను గొలిచి, కాళ్ళ దరినున్న ముండ్లెంచి
క్రొత్త జాతి యనుచు గుర్తు పడగ
చంద్రయాన నామ సౌభాగ్యమును బొంది
యిసుకరేణువందు నెలుగు తిరిగె

పర్లాకిమిడి: ఇది నిలిచింది. మాస్టారూ, మీ అద్దం సంగతి ఇంకా తేల్చలేదు.