ఎలుకలను కార్బన్ డయాక్సైడ్‌తో చంపడం ఇంకా ఎందుకు?

మూగగొంతు:
ప్రయోగం అయిపోయిన చిట్టెలుకల్ని ఇప్పటికీ కార్బన్ డయాక్సైడ్ డబ్బాలో పెట్టే చంపుతున్నారు. ముక్కులోని తడికి తగిలితే ఆ గ్యాస్ కార్బోనిక్ ఆమ్లంగా మారి మండిస్తుంది. దీన్ని నొప్పిలేని చావు అని రాసుకోవడం అబద్ధం.

పశువైద్యుడు_కె:
మంట పుట్టేది గాఢత బాగా పెరిగాక. అందుకే ముందే గ్యాస్ నింపిన డబ్బాలో మెలకువగా ఉన్న ఎలుకను వేయకూడదు. అమెరికా పశువైద్య సంఘం 2020 మార్గదర్శకాల ప్రకారం నిమిషానికి డబ్బా ఘనపరిమాణంలో 30 నుంచి 70 శాతం గ్యాస్ వదలాలి. అంటే 20 లీటర్ల డబ్బాకు 6 నుంచి 14 లీటర్లు. గ్యాస్ ఎంత వస్తుందో కొలిచే ఫ్లోమీటర్ పెట్టకుండా వాల్వును అంచనాగా తిప్పేవాళ్ల దగ్గరే చెడుతుంది. ఊపిరి ఆగాక ఇంకో నిమిషమైనా గ్యాస్ వదిలి, మెడ ఎముక విడదీసి, మరణం ఖాయం చేసుకోవాలి.

మూగగొంతు:
2013లో అదే సంఘం 10 నుంచి 30 శాతం అంది. ఏడేళ్లలో సంఖ్య మారిందంటే అప్పటిదాకా చచ్చినవాటి సంగతేంటి? ఊపిరాడని బాధ ఊసే ఎత్తలేదు మీరు. బయటపడే దారి ఉంటే, స్పృహ తప్పేంత గాఢత రాకముందే ఎలుక బయటికి వచ్చేస్తుంది.

పిపెట్:
ముందు ఐసోఫ్లురేన్ అనే పీల్చే మత్తుమందు, స్పృహ పోయాక గ్యాస్. అయిపోయె.

పశువైద్యుడు_కె:
అంత తేలిక కాదు పిపెట్ గారూ. ఒకసారి ఐసోఫ్లురేన్ పీల్చిన ఎలుక రెండోసారి దానికి దూరంగా పారిపోతుంది. ఆపరేషన్‌లో అప్పటికే దాన్ని పీల్చిన ఎలుకలకు అది దయ కాదు. ఇక అప్పుడే పుట్టిన కూనలు ఆక్సిజన్ లేకున్నా చాలాసేపు తట్టుకుంటాయి. కదలడం లేదని తీసేస్తే మళ్లీ ఊపిరి పీలుస్తాయి.

మూగగొంతు:
మళ్లీ గ్యాసే. ఫ్లోమీటర్ పక్కన పెట్టి మాట్లాడలేరా?

పశువైద్యుడు_కె:
గ్యాస్ మీద చర్చ మొదలెట్టింది మీరు! ప్రయోగాలే వద్దన్నది మీ మాటయితే సూటిగా అనండి. ప్రతి జవాబుకీ మాట మార్చకండి.

మూగగొంతు:
ప్రయోగాలు వద్దనడం లేదు. "ప్రయోగం అయిపోయిన" అని మొదట్లో రాసింది నా తప్పే. ఆ డబ్బాలోకి వెళ్లేవాటిలో చాలా వాటి మీద అసలు ప్రయోగమే జరగదు. మార్చిన జన్యువు ఒక్క ప్రతే ఉన్న రెండు ఎలుకల్ని జతకడితే, రెండు ప్రతులూ ఉన్న కూన సగటున నాలుగింట ఒకటి. అలాంటివి 8 కావాలంటే 32 పుట్టాలి. మగవే కావాలంటే 64. ప్రయోగంలో ఎలుకలెన్నని అడిగితే మీరు చెప్పేది 8.

జన్యుశాల:
పోలికకు అదే ఈతలోని, మార్చిన జన్యువు లేని మామూలు కూనలు వాడతారు కదా. 32లో మరో 8 అలా పనికొస్తాయి. మిగిలేది 16.

మూగగొంతు:
ఆ 16నే చాలా కాగితాల్లో చూపించరు.

పశువైద్యుడు_కె:
రెండు ప్రతులున్నవాటినే జతకడితే కూనలన్నీ పనికొస్తాయి. కానీ అవి బతికి, పిల్లల్ని కనగలిగితేనే. అప్పుడు పోలిక ఎలుకల్ని వేరుగా పెంచాలి, తరాలు గడిచేకొద్దీ రెండు వంశాలూ జన్యుపరంగా దూరమవుతాయి. వాడని వంశాలను వీర్యం గడ్డకట్టించి దాచి, పెంపకం ఆపొచ్చు. అది చేయని చోట మీ కోపం న్యాయమే. అయితే మా దగ్గర అనుమతి అడిగేది ప్రయోగానికి, పెంపకానికి కాదు.

మూగగొంతు:
మన తగువు అక్కడే. ఆ 16 పుట్టింది ప్రయోగం కోసమే. దరఖాస్తులో 32 అని రాయమనండి, అనుమతి ఇచ్చే కమిటీ దాన్ని చూసి అవునో కాదో చెప్పాలి.

పశువైద్యుడు_కె:
పుట్టకముందే సంఖ్య ఎలా రాస్తాం? సగటు 32 అయినా ఈతలు అటూ ఇటూ అవుతాయి.

జన్యుశాల:
గరిష్ఠం రాయండి. దాటితే మళ్లీ అడగండి.