పాత బోర్డుకు కెర్నల్ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేయాలా, బోర్డు మీదేనా?

కాజీపేట_జంక్షన్:
వరంగల్‌లో మా మామయ్య విత్తనాల దుకాణంలో తూకం కాంటా లెక్కంతా పాత రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) మీదే నడుస్తుంది. 2012లో వచ్చిన మొదటి మోడల్, 700 మెగాహెర్ట్జ్, 512 ఎంబీ ర్యామ్. కాంటా డ్రైవర్ కోసం కెర్నల్‌ని (ఓఎస్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) దాని మీదే కంపైల్ (సోర్స్ కోడ్‌ని మెషిన్ నడపగలిగే రూపంలోకి మార్చడం) పెడితే రాత్రంతా నడిచింది, తెల్లవారుజామున కరెంటు పోయింది, మళ్ళీ మొదటికొచ్చింది. అదే ల్యాప్‌టాప్‌లో క్రాస్ కంపైల్ (ఒక మెషిన్ మీద ఇంకో రకం మెషిన్ కోసం కంపైల్) చేస్తే టీ తాగి వచ్చేసరికి అయిపోయింది. ఇంకా బోర్డు మీదే చేయాలనేవాళ్ళు ఎందుకో చెప్పండి.

పాతబోర్డు:
మొదటికి రావడమేంటి తమ్మీ? మేక్ (బిల్డ్ నడిపే కమాండ్) మళ్ళీ కొడితే ఆగిన చోటు నుంచే నడుస్తుంది.

కాజీపేట_జంక్షన్:
కొట్టాను అన్నా. కరెంటు పోయినప్పుడు రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైళ్ళు (కంపైలయిన ముక్కలు) కొన్ని సున్నా బైట్లతో మిగిలాయి, వాటిని కలిపే లింక్ దగ్గర ఆగిపోయింది. క్లీన్ చేయక తప్పలేదు.

గట్టు_మీద:
ఎస్‌డీ కార్డు మీద స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) పెట్టి గంటలు గంటలు బిల్డ్ చేస్తే కార్డు తొందరగా పోతుంది.

పాతబోర్డు:
సున్నా బైట్ల ఫైళ్ళే తీసేస్తే సరిపోయేది, అన్నీ క్లీన్ చేయాల్సిన పని లేదు. సరే, కెర్నల్ సంగతి వదిలేయ్, మామూలు ప్రోగ్రామ్ చేసి చూడు. ఉబుంటు లినక్స్‌లో దొరికే ఆర్మ్ హార్డ్‌ఫ్లోట్ జీసీసీ కంపైలర్ ఏఆర్ఎంవీ7 ప్రాసెసర్లకి కోడ్ రాస్తుంది, నీ బోర్డుది అంతకన్నా పాత రకం, ఏఆర్ఎంవీ6. ఆప్షన్ మార్చినా దాంతో వచ్చే లైబ్రరీలు (ప్రోగ్రామ్‌లు వాడుకునే రెడీమేడ్ కోడ్) వీ7వే. నడపగానే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అంటుంది, అంటే ఈ ప్రాసెసర్‌కి తెలియని ఆదేశమని. డెబియన్ లినక్స్ వాళ్ళు కూడా ప్యాకేజీలను నేటివ్‌గానే, అంటే అదే రకం ప్రాసెసర్ మీదే బిల్డ్ చేస్తారు.

కాజీపేట_జంక్షన్:
వాళ్ళు చేసేది పెద్ద ఆర్మ్ సర్వర్ల మీద, దుకాణంలో బోర్డు మీద కాదు. అదీ వేగమైన మెషినేగా! సరైన టూల్‌చెయిన్ (కంపైలర్, లింకర్ లాంటి పనిముట్ల సెట్), బోర్డు లైబ్రరీల కాపీ పెట్టుకుంటే నువ్వు చెప్పిన సమస్యే రాదు. తెలియకపోతే అడుగు, అందరినీ భయపెట్టకు.

నర్సంపేట_రోడ్డు:
డిస్ట్‌సీసీ వాడండి, అది కంపైల్ పనిని వేరే మెషిన్‌కి పంచుతుంది. కంపైల్ ల్యాప్‌టాప్‌లో, లింక్ బోర్డులో.

పాతబోర్డు:
తెలియక కాదు, పడ్డాను కాబట్టి చెప్తున్నా. మా దగ్గర ఒక బడి లైబ్రరీకి పుస్తకాల లెక్క ప్రోగ్రామ్ ఒకతను తన ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసి, బైనరీ (నడిచే ఫైల్) ఒక్కటే బోర్డులో పెట్టి ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. తర్వాత ఓఎస్ మార్చాల్సి వచ్చింది, కోడ్ లైబ్రరీల వెర్షన్ కుదరక ఆ ప్రోగ్రామ్ మళ్ళీ లేవలేదు. సోర్స్ లేదు, ఏ ఆప్షన్లతో చేశాడో తెలియదు, ఫోన్ ఎత్తడు. మూడు నెలలు పిల్లలకిచ్చిన పుస్తకాలు రిజిస్టర్లో చేత్తో రాశాం. బోర్డు మీదే చేసుంటే సోర్స్, కంపైలర్ అక్కడే ఉండేవి. రేపు నువ్వూ హైదరాబాద్ పోతావు. కాంటా ఆగితే మీ మామయ్య ఎవరిని అడగాలి?

కాజీపేట_జంక్షన్:
ఈ మాట మొదటే చెప్పాల్సింది అన్నా, గంట నుంచి వీ6, వీ7 అని కొట్టుకున్నాం. అయినా అది అతని తప్పు, క్రాస్ కంపైల్‌ది కాదు. నేనైతే సోర్సూ, బిల్డ్ స్క్రిప్టూ బోర్డులోనే పెట్టి, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి గల్లాపెట్టెలో ఉంచుతా. కంపైల్ మాత్రం ల్యాప్‌టాప్‌లోనే చేస్తా.

పాతబోర్డు:
టూల్‌చెయిన్ ఏ వెర్షనో కూడా కాగితం మీద రాసి పెట్టు. మేము ఆగిపోయింది అక్కడే.