సిరిమానోత్సవంలో లక్ష గొంతుల కేక శ్రీకాకుళానికి వినిపిస్తుందా?

సందేహం:
గౌరవ సభ్యులకు నమస్కారం. దసరా తరువాతి మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో లక్ష మంది ఒక్కసారిగా జై కొడితే, శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలిలో ఉన్నవారికి వినిపిస్తుందా అని మా అబ్బాయి అడిగాడు. ఒక్కరి కేక 90 డెసిబెల్లయితే లక్ష మందిది 90 లక్షలని వాడి లెక్క. ప్రశ్న వింతదే అయినా వాడికి సరైన లెక్క చూపించాలని ఉంది. దయచేసి వివరించగలరు.

సమాధానం:
నమస్కారమండీ. డెసిబెల్ సంవర్గమాన కొలత కనుక దానిని మనుషుల సంఖ్యతో గుణించకూడదు. ధ్వని శక్తి పది రెట్లు పెరిగిన ప్రతిసారీ 10 డెసిబెల్లే కలుస్తాయి. లక్ష అంటే ఐదు పదుల లబ్ధం కాబట్టి కలిసేది 50. నోటికి మీటరు దూరంలో ఒక్కరి కేక 90 అనుకొని, అందరినీ ఒకే బిందువు దగ్గర ఊహిస్తే మొత్తం 140 అవుతుంది. నిజానికి జనం మూడు లాంతర్ల నుంచి కోట వరకు పరచుకొని ఉంటారు కనుక అంత శబ్దం ఏ ఒక్కచోటా ఉండదు గాని, చాలా దూరానికి లెక్క వేసేటప్పుడు ఈ ఊహ పనికివస్తుంది.

దూరం పది రెట్లయినప్పుడల్లా 20 డెసిబెల్లు తగ్గుతాయి. రెండు పట్టణాల మధ్య సరళరేఖలో సుమారు 55 కిలోమీటర్లు, అనగా 55,000 మీటర్లు కాబట్టి, దాదాపు 95 పోయి 45 మిగులుతుంది. చాలామంది ఇక్కడే ఆగి, వినిపిస్తుందని తేల్చేస్తారు. అయితే గాలి కూడా ధ్వనిని పీల్చుకుంటుంది. 1000 హెర్ట్జ్ దగ్గర ఆ నష్టం కిలోమీటరుకు ఇంచుమించు 5 డెసిబెల్లు. దారి మొత్తానికి 275 పోతే, మిగిలేది సున్నాకు 230 దిగువన. వినికిడి హద్దు సున్నా దగ్గర ఉంటుంది. లక్షకు బదులు భూమిమీది 800 కోట్ల మందీ అరిచినా పెరిగేది 49 మాత్రమే కనుక, వినిపించదని మీ అబ్బాయికి నిస్సందేహంగా చెప్పవచ్చు.

అనుబంధ సందేహం:
కృతజ్ఞతలండీ. మరి ఎంత దూరం వినిపిస్తుంది? డప్పులైతే ఇంకా దూరం వెళ్తాయా?

సమాధానం:
ఇదే పద్ధతిలో 3 కిలోమీటర్ల దగ్గర 55 డెసిబెల్లు వస్తాయి. నివాస ప్రాంతాలకు పగటిపూట మన దేశ నిబంధనలు విధించిన పరిమితి కూడా అంతే. 10 కిలోమీటర్ల దగ్గర మిగిలే 10 డెసిబెల్లు పండుగ సందడిలో కలిసిపోతాయి. మేడలు, చెట్లు, ఎదురుగాలి ఈ అంకెలను ఇంకా తగ్గిస్తాయి. డప్పు విషయంలో మీ ఊహ సరైనదే. 125 హెర్ట్జ్ వంటి మంద్ర ధ్వనికి గాలిలో నష్టం కిలోమీటరుకు అర డెసిబెల్ కంటే తక్కువ. అందువల్లనే పొరుగూరి జాతరలో డప్పు మోత మనదాకా వచ్చినా పాటలోని మాటలు తెలియవు.