సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, బండి మాత్రం స్టార్ట్ కాదు: 2004 మోడల్ ఎంపీఎఫ్ఐ పెట్రోల్ కారు

హన్మకొండ_ఏపీ36:

అందరికీ నమస్కారం. మా నాన్న 2004లో కొన్న చిన్న పెట్రోల్ కారు, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం). ఇప్పటికీ ఏపీ 36 నంబర్ ప్లేటే. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే మాటంతా కంపెనీ మీదికి పోతుంది. ఇరవై ఏళ్లు దాటిన బండి, అరిగిపోవడం సహజమే.

సెల్ఫ్ కొడితే ఇంజన్ గట్టిగా తిరుగుతుంది, కానీ అందుకోదు. కీ ఆన్ చేయగానే వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు గుయ్యిమంటుంది. ఒక్కోసారి విసుగొచ్చి కీ వదిలేసే క్షణంలో పట్టుకుంటుంది. ఒకసారి స్టార్ట్ అయ్యిందంటే హన్మకొండ నుంచి పరకాల దాకా ఎక్కడా ఆగదు, మిస్సింగ్ లేదు. మొన్న పద్మాక్షి గుట్ట దగ్గర ఆపాక మళ్లీ స్టార్ట్ కాకపోతే అక్కడున్న పిల్లలు తోశారు, సెకండ్ గేర్‌లో వెంటనే పట్టింది.

మా మెకానిక్ మొదట ప్లగ్గులు మార్చాడు. తర్వాత పంపు మార్చాడు, దానికి ఐదు వేలు దాటింది. ఇప్పుడు ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) పోయిందంటున్నాడు. స్క్రాప్‌లో ఒకటి దొరికింది, బిగించి ఇవ్వడానికి పన్నెండు వేలు అడుగుతున్నాడు. నాన్న ఈ బండిని అమ్మనివ్వడు. అమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేది కూడా ఇందులోనే, అందుకే టెన్షన్‌గా ఉంది. ఈసీఎం వేయించాలా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

జమ్మికుంట_డ్రైవర్:

బ్యాటరీ చూశావా అన్నా? నా బండికి ఇట్లనే అయితే కొత్త బ్యాటరీతో పోయింది. అప్పటిదాకా రోజూ తోయించుకుని నడుపుకో, ఏం కాదు.

కాజీపేట_ఆటోఎలక్ట్రిక్:

తమ్ముడూ, ఈసీఎంకు పైసా ఇవ్వకు. కనీసం ఇప్పుడే ఇవ్వకు. నేను చాలా ఏళ్లుగా బండ్ల వైరింగ్ పనే చేస్తున్నాను. ఈసీఎం నిజంగా పోయిన బండ్లు నా దగ్గరికి చాలా తక్కువ వచ్చాయి. ఈసీఎం పోయిందని చెప్పి పంపిన బండ్లు మాత్రం చాలా వచ్చాయి. పోయిన ఈసీఎం తోస్తే బాగవుతుందా? స్టార్ట్ అయ్యాక పరకాల దాకా మిస్సింగ్ లేకుండా తీసుకెళ్తుందా?

నువ్వు రాసినవాటిలో రెండు విషయాలు నా దృష్టిలో పడ్డాయి. కీ వదిలేసే క్షణంలో పట్టుకోవడం ఒకటి, తోస్తే వెంటనే పట్టుకోవడం రెండోది. తోసేటప్పుడు కీ 'ఆన్'లో ఉంటుంది, 'స్టార్ట్' దాకా తిప్పం. కీ వదిలినప్పుడు కూడా అది స్టార్ట్ నుంచి ఆన్‌కు వెనక్కి వస్తుంది, ఇంజన్ ఆ ఊపులో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అంటే కీ ఆన్‌లో ఉంటే స్పార్క్, పెట్రోల్ రెండూ వస్తున్నాయి. స్టార్ట్‌లో పెడితే ఏదో ఒకటి ఆగుతోంది. ఇక్కడినుంచి దారి రెండే. స్టార్ట్‌లో ఇగ్నిషన్ స్విచ్ (కీ వెనక ఉండే కరెంట్ స్విచ్) కరెంట్ ఇవ్వట్లేదు, లేదంటే సెల్ఫ్ మోటర్ లాగే కరెంట్‌కు వోల్టేజ్ బాగా పడిపోతోంది.

ముందు ఖర్చు లేని పని ఒకటి చెయ్. ఒకరిని సెల్ఫ్ కొట్టమని నువ్వు మీటర్ బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు చూడు. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ అది వెలుగుతూ ఉండాలి, కొంచెం మసకబడినా ఫర్వాలేదు. పూర్తిగా ఆరిపోతే ఈసీఎంకు ఆ సమయంలో ఇగ్నిషన్ కరెంట్ అందట్లేదన్నమాట. పాటలు, ఏసీ బ్లోయర్ ఆగిపోవడాన్ని లెక్కలోకి తీసుకోకు, సెల్ఫ్ కొట్టేటప్పుడు అవి ఆగేలానే తయారుచేస్తారు.

తర్వాత బ్యాటరీ మీద వోల్టులు కొలిచే మీటర్ పెట్టు. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టుల దగ్గర ఉంటే పూర్తి చార్జింగ్ ఉన్నట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పోకూడదు. అప్పుడే నెగటివ్ టెర్మినల్ మీద ఒక వైరు, ఇంజన్ బాడీ మీద రెండో వైరు పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించు. అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీ (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజన్‌కు కలిపేది) పాడైనట్టే, బోల్టు విప్పి ఎమరీ పేపర్‌తో రుద్దాలి.

ఇక అసలు పరీక్షకు మీటర్ వద్దు, బల్బు కావాలి. ఇది చాలామంది మెకానిక్‌లు పట్టించుకోరు. మీటర్ దాదాపు కరెంటే లాగదు. వైరులో ఒక్క పోగు మిగిలినా, స్విచ్ పలక మాడి కొస మాత్రమే తగులుతున్నా అది 12 వోల్టులు చూపిస్తుంది. అది చూసి వైరు బాగుందనుకుని ఖరీదైన సామాను మారుస్తారు. 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెడితే పావు తక్కువ రెండు ఆంపియర్లు లాగుతుంది, అప్పుడు బలం లేని వైరు దొరికిపోతుంది. బల్బు ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొస ఇగ్నిషన్ కాయిల్‌కు (ప్లగ్గులకు స్పార్క్ ఇచ్చేది) వచ్చే పాజిటివ్ వైరుకు పెట్టు. కీ ఆన్ చేస్తే వెలగాలి, సెల్ఫ్ కొట్టినా వెలుగుతూనే ఉండాలి.

ఈ బల్బును సెన్సర్ వైర్లకు మాత్రం పెట్టకు, అవి చాలావరకు 5 వోల్టులతో నడుస్తాయి. ఈసీఎం పిన్నుల్లోనూ గుచ్చకు. స్టీరింగ్ దగ్గర పసుపు రంగు కప్లర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, ముట్టుకోకు.

జమ్మికుంట తమ్ముడూ, ఆపదలో ఒకసారి తోస్తే తప్పులేదు, రోజూ మాత్రం వద్దు. ఎంపీఎఫ్ఐ బండిలో సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. మండని పెట్రోల్ అందులోకి పోయి అక్కడ మండితే అది పాడవుతుంది. దాని ఖరీదు మీ బ్యాటరీకి ఎన్నో రెట్లు.

ఇంకో మాట. ఆ కీకి ఎన్ని తాళాలు వేలాడుతున్నాయి?

కరీంనగర్_పాతబండి:

కాజీపేట అన్న చెప్పింది చెయ్యండి. దాంతోపాటు బానెట్ ఎత్తి వైర్లు ఒకసారి చేత్తో తడిమి చూడండి. పంట ఇంటికొచ్చే రోజుల్లో ఎలుకలు గోదాం నుంచి నేరుగా ఇంజన్ వెచ్చదనంలోకి వస్తాయి. నా బండిలో ఇంజెక్టర్ వైరు కొరికేశాయి. టేపు కింద ఉండటంతో అది కనబడనే లేదు.

సెల్ఫ్ ఒకేసారి పది సెకన్లకు మించి కొట్టకండి, మోటర్ వేడెక్కి కాలిపోవచ్చు. పెట్రోల్ వాసన గట్టిగా వస్తే ప్లగ్గులు తడిసినట్టు. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే చాలా ఎంపీఎఫ్ఐ బండ్లలో ఇంజెక్టర్లు ఆగుతాయి, ప్లగ్గులు ఆరతాయి.

హన్మకొండ_ఏపీ36:

అన్నా, పొద్దున్నే తమ్ముడిని కూర్చోబెట్టి అన్నీ చూశాను. బ్యాటరీ 12.5, సెల్ఫ్ కొడితే 10.4. ఎర్త్ దగ్గర 0.2 మాత్రమే. ఎలుకలు కొరికిన జాడ లేదు.

చెక్ ఇంజన్ లైటు సెల్ఫ్ కొట్టగానే పూర్తిగా ఆరిపోతోంది! కాయిల్ దగ్గర బల్బు కూడా అంతే, కీ ఆన్‌లో బాగా వెలుగుతుంది, స్టార్ట్‌లో ఆరిపోతుంది. తాళాల గుత్తి గురించి ఎందుకు అడిగారో తెలియదు కానీ, నాన్న గుత్తిలో ఇంటి తాళాలు, గోదాం తాళం, పొలం దగ్గర బోరు స్టార్టర్ డబ్బా తాళం అన్నీ ఉన్నాయి. చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది.

కాజీపేట_ఆటోఎలక్ట్రిక్:

సంతోషం తమ్ముడూ. నీ బ్యాటరీ బాగుంది, ఎర్త్ బాగుంది. స్విచ్ మీదే అనుమానం, ఆ గుత్తి బరువు ఏళ్ల తరబడి ఊగి ఊగి దాన్ని అరగదీసి ఉంటుంది.

మార్చేముందు ఒక్కసారి నిర్ధారించుకో. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవర్ విప్పితే స్విచ్ వెనక కప్లర్ ఉంటుంది. కీ తీసేసినా కరెంట్ ఉండే లావు వైరు బ్యాటరీ నుంచి వచ్చేది. కీ ఆన్ చేస్తేనే కరెంట్ వచ్చే వైర్లలో, ఆన్‌లోనూ స్టార్ట్‌లోనూ వెలగాల్సింది ఇగ్నిషన్ వైరు. అది ఏ రంగో మీ బండి వైరింగ్ బొమ్మలో చూసుకో, పక్కనే పాటలకు పోయే వైరు ఉంటుంది, దాన్ని చూసి మోసపోకు. సెల్ఫ్ కొట్టేటప్పుడు లావు వైరు మీద బల్బు వెలిగి, ఇగ్నిషన్ వైరు మీద ఆరిపోతే ఇక అనుమానం లేదు.

కొన్ని బండ్లలో తాళం, దాని వెనక కరెంట్ స్విచ్ విడివిడిగా ఉంటాయి. అలా ఉంటే స్విచ్ ముక్క ఒక్కటే అడుగు, మొత్తం లాక్ సెట్ కొనకు. పాత తాళమే పనిచేస్తుంది. విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్.

హన్మకొండ_ఏపీ36:

అన్నా, మీరు చెప్పినట్టే అయింది. లావు వైరు మీద వెలిగింది, ఇగ్నిషన్ వైరు మీద స్టార్ట్‌లో ఆరింది. విడి స్విచ్ ముక్క దొరికింది, వెయ్యి రూపాయలు కూడా కాలేదు. పాతది విప్పితే లోపల ఒక రాగి పలక నల్లగా మాడి ఉంది. ఇప్పుడు కీ తిప్పగానే పట్టుకుంటోంది. నాన్న కళ్లలో ఆనందం చూడాలి. మీకు చాలా రుణపడ్డాను. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 14.1 చూపిస్తోంది, సరేనా?

కాజీపేట_ఆటోఎలక్ట్రిక్:

14.1 సరిగ్గా ఉంది. బండి కీని ఆ గుత్తి నుంచి విడదీయమని నాన్నగారికి నా మాటగా చెప్పు. ఈ వారంలో ఒకసారి పరకాల దాకా నడిపి, వేడి మీద ఆపి, పావుగంట తర్వాత మళ్లీ కొట్టి చూడు. అప్పుడు గనక స్టార్ట్ కాక, చల్లారాక పట్టుకుంటే క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుతున్న సంగతి ఈసీఎంకు తెలిపేది) చూడాలి. అలా అయితే ఇక్కడే రాయి, చూద్దాం.