డోర్ ఫోన్ బొమ్మ అమ్మ గదిలోని టీవీలో మసగ్గా వస్తోంది, ఏం చెయ్యాలి?

మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి:
మాది పాతకాలం పొడుగిల్లు. వీధి గుమ్మం ఒక చివర, అమ్మ గది ఇంకో చివర. అమ్మకి తుంటి ఆపరేషనై రెండు నెలలు. పగలు నేను పాతపట్నం కొట్టుకెళ్తే తనొక్కర్తే. బెల్లు మోగితే వాకర్ పట్టుకుని హాల్లోని మానిటర్ దాకా వస్తుంది. మొన్న కాలు జారింది, గోడ అందబట్టి సరిపోయింది. వచ్చిందెవరో మంచమ్మీంచే కనబడితే పక్కింటి పిన్నికి ఫోన్ చేస్తుంది, తాళం ఆవిడ దగ్గరుంది.

డోర్ ఫోన్ అంటే గుమ్మం దగ్గర కెమెరా, హాల్లో మానిటర్. మాది నాలుగు తీగల సెట్టు. ఎరుపు పవరు, నలుపు గ్రౌండ్, పసుపు వీడియో, తెలుపు ఆడియో. పసుపు, నలుపుల నుంచి పదిహేను మీటర్ల వైరు లాగి టీవీ ఏవీ పిన్నుకి ఇచ్చాను. బొమ్మ వచ్చింది గానీ టీవీలోనూ మానిటర్‌లోనూ మసకే. సాయంత్రమైతే మొహం ఆనడం లేదు. పైగా అడ్డంగా చారలు పాకుతున్నాయి.

బరంపురం కెమెరా పని:
మీది మామూలు కాంపోజిట్ వీడియో, అంటే టీవీ పసుపు ఏవీ పిన్ను తీసుకునే రకం, అందుకే టీవీ పట్టింది. ఎక్కువ స్పష్టతుండే ఏహెచ్‌డీ రకం కెమెరా అయితే ఏవీ పిన్నులో బొమ్మే రాదు. కెమెరా 75 ఓమ్‌ల లోడు (సిగ్నల్ తీసుకునే పరికరం) ఒక్కదానికే 1 వోల్టు సిగ్నల్ ఇస్తుంది. మానిటర్ ఒక 75, టీవీ ఇంకో 75, పక్కపక్కన కలిపితే 37.5. సిగ్నల్ మూడింట రెండొంతులకి పడిపోతుంది, మసక అందుకే. ముందు మానిటర్ వెనక వీడియో అవుట్ ఉందేమో చూడండి. లేకపోతే ఒక ఇన్, రెండు అవుట్‌ల వీడియో డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్ పెట్టండి, సిగ్నల్‌ని బలం తగ్గకుండా రెండుగా పంచే డబ్బా అది. వైరు ఆర్‌జీ-59 అనే వీడియో కేబుల్ వెయ్యండి. చారలు పోకపోతే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి, గ్రౌండ్ తీగ మీంచి వచ్చే చారల్ని అది ఆపుతుంది. ఎర్ర తీగ మాత్రం టీవీ దరిదాపులకి రానివ్వకండి.

గుణుపురం నుంచి:
ఇది చదివేవాళ్లకి ఒక మాట. కొత్త టీవీలకి పసుపు పిన్ను ఉండకపోవచ్చు. అప్పుడు ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా కొనాలి. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది కూడా అచ్చం అలాగే ఉంటుంది, నాకు మొదట అదే అంటగట్టారు. రెండోది, బెల్లు నొక్కితే టీవీ తనంతట తాను మారదు. ఇన్‌పుట్ బటన్ అమ్మగారే నొక్కాలి.

మహేంద్రతనయ ఒడ్డు:
వీడియో అవుట్ లేదు. బరంపురం నుంచి యాంప్లిఫయర్ తెప్పించి పెట్టాను, మొహాలు తేటగా కనిపిస్తున్నాయి. ఐసొలేటర్‌తో చారలూ పోయాయి. రిమోట్ మీద ఇన్‌పుట్ బటన్‌కి ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టాను. నిన్న పాలబ్బాయి వచ్చాడని మంచమ్మీంచే చెప్పింది అమ్మ. మీ ఇద్దరికీ చాలా చాలా థాంక్స్ అండీ. మాట కూడా వినిపించాలంటే తెల్ల తీగా ఇలాగే కలపొచ్చా?

బరంపురం కెమెరా పని:
వద్దండీ. రెండు వైపుల మాటా ఆ ఒక్క తీగ మీదే నడుస్తుంది, కలిపితే కూత పెడుతుంది. మీ సెట్టు రెండో మానిటర్‌ని ఒప్పుకుంటుందేమో మాన్యువల్‌లో చూడండి. ఒప్పుకుంటే అదొకటి మంచం పక్కన పెట్టండి, అమ్మగారు అక్కడి నుంచే మాట్లాడతారు.