కాగితం పువ్వు, సాండ్ డాలర్, అమరావతి పద్మం: మూడింటినీ "రేకలు" అనవచ్చా?

బ్రాడీపేట_బయాలజీ (ప్రశ్న)

గుంటూరులో ఇంటర్ పిల్లల సైన్స్ ఎగ్జిబిషన్‌కి రేకల ఆకారం మీద ఒక బల్ల సిద్ధం చేస్తున్నాం. మొక్కల వైపు కాగితం పువ్వు, ముద్ద మందారం, మెట్టతామర పెడుతున్నాం. జంతువుల వైపు బాపట్ల తీరంలో ఏరిన రెండు సాండ్ డాలర్ గుల్లలు. వాటి మీద ఐదు రేకల పువ్వు చెక్కినట్టు ఉంటుంది. శిల్పం వైపు అమరావతి స్తూపం ప్రాకారం మీది పద్మ ఫలకాన్ని చార్టు మీద పెద్దదిగా గీయాలి. మూడు సందేహాలున్నాయి.

అన్నిటికీ "రేకలు" అని ఒకే లేబుల్ పెడితే తప్పవుతుందా? గుల్లలు వాసన వేస్తున్నాయి, ముట్టుకుంటే పొడి రాలుతోంది, ఎలా శుభ్రం చేయాలి? పద్మం 16 రేకలతో గీస్తుంటే చివరి రేక ప్రతిసారీ ఇరుకుగా వస్తోంది, ఎందుకు?

వృక్షశాస్త్రం_విజయవాడ

ఒకే లేబుల్ వద్దండి. మీరు చెప్పిన మూడు పూలలోనూ కంటికి రేకలా కనిపించేది ఒక్కో దాంట్లో ఒక్కో భాగం. పిల్లలకి చూపించాల్సింది అదే.

కాగితం పువ్వులో రంగుగా కనిపించే మూడూ పుష్పపుచ్ఛాలు, అంటే ఆకు రూపాంతరాలు. ప్రతి పుచ్ఛం నడి ఈనెకి అతుక్కుని ఒక సన్నని గొట్టం ఉంటుంది. అసలు పువ్వు అదే. దాని పైఅంచు తెల్లగా నక్షత్రంలా విచ్చుకుంటుంది గానీ అదీ ఆకర్షక పత్రం (అసలైన రేక) కాదు, ఈ పువ్వుకి ఆకర్షక పత్రాలే లేవు. పుచ్ఛాలు మూడు కాబట్టి మీ చేతిలో ఉన్నవి మూడు పువ్వులు. ఒక పుచ్ఛాన్ని మెల్లగా లాగితే పువ్వు కూడా దానితోనే ఊడి వస్తుంది. గొట్టాన్ని బ్లేడుతో నిలువుగా చీల్చి 10 రెట్ల భూతద్దం కింద పెడితే కేసరాలు (పుప్పొడి ఇచ్చే భాగాలు), అండాశయం కనిపిస్తాయి.

మెట్టతామరలో వెడల్పుగా, రంగుగా ఉన్నవి వంధ్య కేసరాలు, అంటే పుప్పొడి ఇవ్వని కేసరాలు. అసలు ఆకర్షక పత్రాలు మూడూ వాటి కింద సన్నగా, మొనదేలి, ఎవరూ పట్టించుకోనట్టు ఉంటాయి. ఒక కేసరం మాత్రం సగం రేకగా ఉండి, అంచున సగం పరాగకోశాన్ని (పుప్పొడి సంచిని) మోస్తుంది. అండాశయం మీది కాడ, అంటే కీలం, కూడా చదునైన పట్టీలా ఉంటుంది, దాన్ని రేకగా లెక్కపెట్టకండి.

ముద్ద మందారానికి ఎక్కువ చోటివ్వండి. రేక మందారంలో ఐదు ఆకర్షక పత్రాలు, మధ్యలో కేసరనాళం. ముద్ద రకంలో ఆ నాళం మీది కేసరాలు చాలావరకు రేకలుగా మారాయి. బయటి నుంచి లోపలికి ఒక్కొక్కటే ఊడదీసి నల్ల కాగితం మీద వరుసగా పేర్చండి. లోపలి వరుసల్లో అంచుకి పసుపు పరాగకోశం అంటుకున్న రేక ఒకటైనా దొరుకుతుంది. ఆ సగం రేక, సగం కేసరం మీ బల్ల మీద అన్నిటికంటే విలువైన నమూనా.

కేసరాలు ఇలా రేకలుగా మారడానికి కారణం 1991లో జన్యుశాస్త్రవేత్తలు ఎన్రికో కోయెన్, ఎలియట్ మేయరోవిట్జ్ ప్రతిపాదించిన ఏ‌బీసీ నమూనాలో ఉంది. అందులో పూల జన్యువులు ‘ఏ’, ‘బీ’, ‘సీ’ అని మూడు రకాలు. ‘ఏ’ రకం ఒక్కటే పనిచేసిన చోట రక్షక పత్రం (మొగ్గను కప్పే బయటి పత్రం), ‘ఏ’, ‘బీ’ కలిస్తే ఆకర్షక పత్రం, బీ, సీ కలిస్తే కేసరం, సీ ఒక్కటే అయితే ఫలదళం (అండాశయాన్ని ఏర్పరిచే భాగం). సీ పని తగ్గితే కేసరాలు రావలసిన చోటికి ‘ఏ’ వచ్చేస్తుంది, రేకలు పుడతాయి. కేసరాలు తగ్గితే పుప్పొడీ తగ్గుతుంది. ముద్ద మందారాన్ని కొమ్మ నాటి పెంచడమే మేలు.

పూలు పొద్దున్నే కోసి తడిగుడ్డ పరిచిన మూత డబ్బాలో తెండి. మందారం, మెట్టతామర మధ్యాహ్నానికి వాడిపోతాయి, మెట్టతామర రేకలు నలిగితే నల్లబడతాయి కూడా. కాగితం పువ్వుకి ఆ బెంగ లేదు.

తీరప్రాణి

సాండ్ డాలర్ కంటకచర్మి (ముళ్ల చర్మం ఉన్న సముద్ర జీవి), సముద్రపు ముళ్లకాయల బంధువు. మీ దగ్గరున్నది దాని అస్థిపంజరం. బతికున్నప్పుడు ఒంటినిండా మఖమల్ గుడ్డలా పొట్టి ముళ్లు ఉంటాయి. పైనున్న ఐదు రేకలు అలంకారం కాదు, అది ఊపిరి పీల్చుకునే చోటు.

భూతద్దంతో రేక అంచు చూడండి. రంధ్రాలు జంటజంటలుగా రెండు వరుసల్లో ఉంటాయి. ఒక్కో జంట గుండా ఒక్కో నాళపాదం (ద్రవం నిండిన గొట్టం లాంటి మెత్తని పాదం) బయటికొస్తుంది. ఒక రంధ్రంలోంచి ద్రవం పాదంలోకి వెళ్లి, రెండో దాంట్లోంచి వెనక్కి వస్తుంది. ఈ పాదాలు పల్చగా, చదునుగా ఉండి నీటిలోని ఆక్సిజన్ తీసుకుంటాయి. అంటే రేక గీత ఆ రంధ్రాల వరుసే. అడుగు వైపు నాళపాదాల పని వేరు, మేత రేణువులను గాళ్ల వెంట మధ్యలోని నోటికి చేర్చడం.

ఐదన్నది కంటకచర్ముల శరీర నిర్మాణంలోని లెక్క, సముద్ర నక్షత్రానికీ అదే. లార్వాగా ఉన్నప్పుడు మాత్రం కుడి ఎడమలుగా సౌష్ఠవం ఉండి, పెద్దదయ్యేటప్పుడు ఐదు వైపులకి మారుతుంది. సాండ్ డాలర్ మళ్లీ కొంత వెనక్కి తిరుగుతుంది. మలద్వారం మధ్యలో కాకుండా ఒక వైపున ఉంటుంది కాబట్టి దానికి ముందు, వెనుక ఉన్నాయి. గుల్ల తిరగేసి చూస్తే నోరు మధ్యలో, ఆ చిన్న రంధ్రం పక్కకో అంచుకో కనిపిస్తుంది. దానికి ఎదురుగా ఉన్న రేక ముందు రేక. చిన్న అద్దం ముక్కను ఆ గీత మీద నిలబెడితే రెండు సగాలూ సరిపోతాయి. పిల్లలకి ఇది తప్పకుండా చేసి చూపించండి.

శుభ్రం చేసే పద్ధతి: మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు తేరుకునేదాకా మారుస్తూ ఉండండి. తర్వాత ఒక వంతు ఇంటి బ్లీచ్, మూడు వంతుల నీళ్లు కలిపి 10 నిమిషాలు ముంచండి. ఎక్కువసేపు ఉంచితే గుల్ల పెళుసుబారి అంచులు రాలతాయి, మీకు పొడి ఇప్పటికే రాలుతోంది కాబట్టి 5 నిమిషాలకే తీసి చూడండి. బాగా కడిగి, పూర్తిగా ఆరాక తెల్ల జిగురు, నీళ్లు సమానంగా కలిపి మెత్తటి కుంచెతో రెండు వైపులా రాయండి. తడిగా ఉన్నప్పుడు జిగురు రాస్తే లోపలి తేమ బయటికి రాలేక వాసన మిగిలిపోతుంది.

వెనిగర్, నిమ్మరసం, బాత్రూమ్ యాసిడ్ దగ్గరికి రానీయకండి. గుల్ల కాల్సియం కార్బొనేట్, ఆమ్లం తగిలితే నురగ కక్కుతూ కరుగుతుంది. బ్లీచ్‌లో ఆమ్లం కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, గదిలో పిల్లలుంటే చాలా ప్రమాదం. ఇంకొక మాట. ముళ్లు కదులుతూ, గోధుమ లేదా ఊదా రంగులో కనిపిస్తే అది బతికున్నట్టే. దాన్ని నీళ్లలోనే వదిలేయమని పిల్లలకి ముందే చెప్పండి.

శిల్పరేఖ

చివరి రేక ఇరుకవడానికి కారణం మీరు ఒకదాని పక్కన ఒకటి కొలుచుకుంటూ తిరగడం. ఒక్కో గుర్తుకి అర మిల్లీమీటరు తేడా వచ్చినా 16 గుర్తులకి 8 మిల్లీమీటర్లు, అదంతా చివరి రేక మీదే పడుతుంది. చుట్టూ తిరగకుండా సగం చేసుకుంటూ పోవాలి.

30 సెంటీమీటర్ల వ్యాసంతో వృత్తం గీయండి. ఒక వ్యాసం, దానికి లంబంగా ఇంకొకటి గీస్తే 4 భాగాలు. ప్రతి కోణాన్నీ వృత్తలేఖినితో సమద్విఖండన చేస్తే 8, మళ్లీ చేస్తే 16, ఒక్కోటి 22.5 డిగ్రీలు. పక్కపక్క గుర్తుల మధ్య దూరం 5.85 సెంటీమీటర్లు రావాలి. లేఖినిని ఆ కొలతకి పెట్టి చుట్టూ తిప్పేది సరిచూసుకోవడానికే. వ్యాసార్థం కొలతతోనే అంచు మీద గుర్తులు పెడితే 6, దాన్ని సగం చేస్తే 12 వస్తాయి. అక్కణ్ణుంచి సగం చేసుకుంటూ పోతే 16 రాదు, చాలామంది చిక్కుపడేది అక్కడే. సాండ్ డాలర్ కూడా ఇదే సైజులో పక్కన గీస్తే 72 డిగ్రీల చొప్పున, గుర్తుల మధ్య 17.63 సెంటీమీటర్లు.

మధ్యలో కర్ణిక (పద్మం నడిమి గుండ్రని బొడ్డు), దాని మీద గింజల చుక్కలు, చుట్టూ రేకల వరుసలు. రెండో వరుసను 11.25 డిగ్రీలు జరపండి, అప్పుడు వెనుక రేక మొన ముందు రెండిటి సందులోంచి తొంగిచూస్తుంది. జరపకపోతే పద్మం బండి చక్రంలా తయారవుతుంది. ముందు వరుస పూర్తిగా గీశాకే వెనుకది గీయండి, చెరపాల్సింది తగ్గుతుంది. ఇక 16 అనేది ఫలకాలన్నిటికీ ఒకటే లెక్క కాదు. మీరు ఏ ఫలకం ఫోటో వాడుతున్నారో దాని రేకలే లెక్కపెట్టండి. చెరువులో తామరకి స్థిరమైన సంఖ్య లేదు, రేకలు సర్పిలంగా పుడతాయి. రాతి మీది సమానమైన వరుసలు శిల్పి వృత్తాన్ని విభజించి తెచ్చినవి.

లేబుల్‌కి కొన్ని విషయాలు: రాయి పలనాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. ప్రాకారంలో నిలువు స్తంభాలు, వాటి మధ్య మూడేసి అడ్డ సూచీలు (స్తంభాలను కలిపే అడ్డ రాళ్లు), పైన ఉష్ణీషం (అన్నిటినీ కప్పే పై దూలం). స్తంభం మధ్యలో పూర్తి పద్మం, పైనా కిందా అర పద్మాలు. సూచీల వెలుపలి ముఖాన పద్మాలు, లోపలి ముఖాన కథా దృశ్యాలు చెక్కారు. ఈస్టిండియా కంపెనీ అధికారులు కాలిన్ మెకంజీ 1797లో ఈ చోటు చూశాడు, వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించాడు. ఆ ఫలకాలు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, అమరావతి మ్యూజియంలో ఉన్నాయి.

బ్రాడీపేట_బయాలజీ

చాలా ఉపయోగపడ్డాయి. ఇంకా రెండు అడుగుతాను. అమరావతి వెళ్లి ఫలకం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోవచ్చా? ఈజిప్టు గోడచిత్రంలోని "తామర" బొమ్మ కూడా పక్కన పెట్టమంటున్నారు, సరైనదేనా?

శిల్పరేఖ

రుద్దకండి. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. పైగా ఈ సున్నపురాయి పైపొర పొలుసుల్లా లేస్తుంది, గ్రాఫైట్ పొడి సందుల్లో చేరితే మళ్లీ రాదు. సిబ్బందిని అడిగి ఫోటో తీసుకోండి. ఫ్లాష్ వెలిగిస్తే చెక్కడపు లోతు చదునైపోతుంది, పక్క నుంచి ఏటవాలు వెలుగు పడే చోటు చూసుకోండి. ఫోన్‌ని ఫలకానికి సమాంతరంగా పెట్టి, రెండు మూడు మీటర్ల వెనక నుంచి జూమ్ చేసి తీయాలి. దగ్గరగా, కింద నుంచి తీస్తే వృత్తం కోడిగుడ్డులా వస్తుంది, దాని మీద కోణాలు కొలిస్తే అన్నీ తప్పులే. ఫోటోలో అడ్డం, నిలువు వ్యాసాలు కొలిచి పోల్చాకే చార్టుకి వాడండి.

వృక్షశాస్త్రం_విజయవాడ

ఈజిప్టు బొమ్మల్లో పాతవన్నీ దాదాపు కలువలే, "తామర" అని రాయకండి. కలువకి రక్షక పత్రాలు నాలుగు, రేకలతో సమానంగా పొడవుగా, పచ్చగా బయటికి కనిపిస్తాయి. పక్క నుంచి గీసిన బొమ్మలో ఆ పచ్చని మొనలే గుర్తు. తామరకి మధ్యలో గింజల గుంతలతో తలకిందులైన శంకువు లాంటి పుష్పాసనం ఉంటుంది, కలువలో అది కనిపించదు. ఆకులు కూడా పక్కపక్కన పెట్టండి: కలువ ఆకుకి అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటుంది, తామరాకుకి ఉండదు, కాడ నడిమధ్య అతుకుతుంది. అమరావతి ఫలకంలో కర్ణిక మీద గింజల చుక్కలున్నాయి కదా, దాన్ని బట్టే అక్కడ చెక్కింది తామర అని చెప్పగలం.