ఎక్స్, వై క్రోమోజోములే లేని మలేరియా పరాన్నజీవిలో ఆడ, మగ ఎట్లా?

ఎమ్మెస్సీ జువాలజీ, హన్మకొండ:
మన రక్తంలో మలేరియా పరాన్నజీవి ఫాల్సిపారం హాప్లాయిడ్, అంటే ప్రతి క్రోమోజోము ఒక్కటే ఉంటుంది. సెక్స్ క్రోమోజోములు లేవు. అయినా ఒకే కణం నుంచి పెంచిన కల్చర్‌లో ఆడ, మగ గామిటోసైట్లు (దోమలోకి పోయి బీజకణాలయ్యే దశ) రెండూ వస్తాయి. జన్యువులన్నీ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడిది? వచ్చే వారం సెమినార్ ఉంది, గామిటోసైట్ దారి పట్టించే ఏపీ2-జీ జన్యువు దగ్గరే ఆగిపోయాను.

పరిశోధక విద్యార్థి, వరంగల్:
జన్యువులు ఒకటే, కానీ వాటిలో ఏది ఎప్పుడు పనిచేస్తుందన్నదే తేడా. ఏపీ2-జీ జన్యువును మామూలుగా హెచ్‌పీ1 ప్రోటీన్ మూసి పెడుతుంది. జీడీవీ1 అనే ఇంకో ప్రోటీన్ వచ్చి హెచ్‌పీ1ను తప్పిస్తే ఏపీ2-జీ తెరుచుకుని, పరాన్నజీవి గామిటోసైట్ దారి పడుతుంది. ఏపీ2-జీ పాత్ర 2014లో తేలింది. రక్తంలో లైసోఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే కొవ్వు పదార్థం తగ్గితే ఎక్కువ పరాన్నజీవులు ఆ దారి పడతాయని 2017లో తెలిసింది. ఇక మగ కావడానికి ఎండీ1 జన్యువు తప్పనిసరి, 2022 పేపర్ చదువు.

ల్యాబ్ టెక్నీషియన్, ఏటూరునాగారం వైపు:
చెల్లె, సెమినార్‌లో జబ్బు మనిషి గురించి కూడా చెప్పు. వానాకాలమంతా మేం స్లయిడ్లు చూస్తూనే ఉంటాం. ఫాల్సిపారం గామిటోసైట్ అరటిపండులా వంగి ఉంటుంది. ఆడదైతే నీలంగా, నల్ల రేణువులు నడుమ గుత్తిగా కనిపిస్తాయి. మగదైతే లేత గులాబీ రంగు, రేణువులు చెదిరి ఉంటాయి. అవి కనబడితే నాకు టెన్షనే. ముదరడానికి పది పన్నెండు రోజులు పడుతుంది, అప్పటిదాకా చాలా మటుకు ఎముక మూలుగలో దాక్కుంటాయి. ఏసీటీ (ఆర్టెమిసినిన్ కలిపిన మలేరియా మందు)తో జ్వరం దిగుతుంది గానీ, ముదిరిన గామిటోసైట్ల మీద ఆ మందు అంతగా పనిచేయదు. మనిషి పొలానికి పోతుంటాడు, దోమకు మాత్రం మలేరియా అందుతూనే ఉంటుంది. అందుకే ముదిరిన గామిటోసైట్లను చంపే ప్రైమాక్విన్ ఒక్క మోతాదు ఇస్తాం. గర్భిణులకు, పసిపిల్లలకు ఇవ్వం. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న వాళ్ల విషయంలో డాక్టర్ చెప్పాలి.

"జ్వరం పోయింది గదా బిడ్డా, ఇంకా గోలీ ఎందుకు?" అని అవ్వలు అడుగుతారు. "నీకు కాదవ్వా, నీ పక్కన పండే మనుమనికి" అంటే మింగుతారు.

ఎమ్మెస్సీ జువాలజీ, హన్మకొండ:
అన్నా, ఈ మాట తప్పకుండా చెబుతాను. దోమ కడుపులోకి పోయాక మగది ఏం చేస్తుంది?

ల్యాబ్ టెక్నీషియన్, ఏటూరునాగారం వైపు:
మన ఒంటి వేడి నుంచి బయటపడి చల్లబడి, దోమలోని జాంతురెనిక్ ఆమ్లం తగలగానే పావుగంటలో ఒక్కో మగ కణం నుంచి ఎనిమిది వరకు తోకల గామీట్లు (బీజకణాలు) విడిపోతాయి. ఆడదాని నుంచి ఒక్కటే. సెమినార్‌కు ఫోటోలు పెడితే స్లయిడ్ మీద రక్తపు పల్చటి పూతవే పెట్టు చెల్లె, దట్టమైన పూతలో ఆడ, మగ తేడా పట్టుకోవడం కష్టం.